నాలుగొందల చక్రాల బండి

"నా ఓవెన్ ఎక్కడుంది బాబాయ్?" అంది బేకరీ ఆవిడ, మేమంతా కూర్చున్న టీ కొట్టు ముందు నిలబడి.

"దారిలోనే ఉందమ్మా. ముందు కూర్చో," అన్నాడు ట్రెయిలర్ బాబాయ్, బెంచీ మీద పక్కకి జరుగుతూ.

ఆవిడ కూర్చోలేదు. రేపు పొద్దున్నే ఆవిడ కొత్త కొట్టు తెరవాలి. ఓవెన్ లేకపోతే బేకరీలో అమ్మడానికి అద్దాల బీరువా తప్ప ఏమీ ఉండదు. పాత కొట్టులోంచి దాన్ని బాబాయ్ పొద్దున తొమ్మిదింటికే బండెక్కించాడు. ఇప్పుడు నాలుగైంది. ఇక్కడికీ అక్కడికీ రెండు కిలోమీటర్లు, మధ్యలో ఒక రైలు వంతెన, అంతే.

"నేను లోబెడ్ తెమ్మన్నాను కదా? అది నేలకి దగ్గరగా ఉంటుంది, ఎత్తు సామానుకి అదే మంచిదని అందరూ చెప్పారు. మీరేమో ఎత్తు బల్ల బండి తెచ్చారు."

"అందరూ చెప్తారమ్మా, చెప్పడానికేం? కడ్డీలకి బల్ల బండి, మట్టికి తొట్టి బండి, ఎత్తు యంత్రాలకి లోబెడ్. అది నేర్చుకునేవాళ్ల లెక్క. నా లెక్క వేరు. ఒకసారి నీళ్ల ట్యాంకు ఒకటి తేవాల్సొచ్చింది. చిన్నదేలే, మూడంతస్తులంత. దారిలో వంతెన. ట్యాంకేమో దానికంటే జానెడు ఎత్తు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? టైర్లలో గాలి తీసేశా! బండి బుస్సుమని కూలబడింది, ట్యాంకు పెళ్లికూతురిలా తలొంచుకుని అవతలికి వెళ్లిపోయింది."

"మరి మళ్లీ గాలి?" అన్నాడు మాతో టీ తాగుతున్న వెల్డింగ్ షాపు ఆయన.

"నోటితో ఊదాను. పద్దెనిమిది చక్రాలు. ఊదేసి టీ తాగాను. అది చూసిన ఒక పెద్దాయన, మా ఇల్లు కూడా తెచ్చిపెట్టవయ్యా అన్నాడు. సామాను కాదయ్యా, ఇల్లే! మేడిల్లు! లోపలున్న వాళ్లమ్మకి చెప్పొద్దన్నాడు, కంగారుపడుతుందిట. సరేనని రెండు ట్రెయిలర్లు కలిపి అతికించి, ఇల్లు ఎత్తి పెట్టుకుని బయల్దేరాను. లోపల ఆ ముసలావిడ పొయ్యి మీద పాలు పెట్టింది. వంద కిలోమీటర్లు! పాలు ఒక్క చుక్క తొణికితే ఒట్టు. చివరికి కిటికీ తీసి చూసి, 'ఏమే కోడలా, ఎదురింట్లోకి ఎవరో కొత్తవాళ్లు దిగినట్టున్నారే' అందిట!"

అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొండ!"

"ఏం కొండ?"

"కొండేనయ్యా, రాళ్లూ చెట్లూ ఉండే కొండ. ఒక ఊళ్లో ఎండ ఎక్కువ, సాయంత్రమైనా కాస్త నీడ కావాలన్నారు. దానికని నాలుగొందల చక్రాల బండి కట్టించాను. ఎంత పొడుగంటే, ముందు చక్రం ఆ ఊరు చేరి, నేను స్నానం చేసి, భోంచేసి, కునుకు తీసి లేచినా వెనక చక్రం ఇంకా కదల్లేదు. తోక మీద మా బావమరిదిని కూర్చోబెట్టాను. వాడు బయల్దేరాడో లేదో ఉత్తరం రాసి కనుక్కోవాల్సొచ్చేది. రోడ్డు దాటుదామని ఒక కొత్త జంట ఆగింది పాపం. బండి పూర్తిగా పోయేసరికి మనవణ్ణెత్తుకుని దాటారు."

"ఒకరిటూ ఒకరటూ ఆగిపోలేదు కదా?" అన్నాడు వెల్డింగ్ ఆయన.

"అంత తెలీకుండా బండి తీస్తానా? చూసుకునే బయల్దేరాను."

"మరి అంత కొండ దారిలో వంతెన కింద ఎలా పట్టింది బాబాయ్?" అని మెల్లగా అడిగింది బేకరీ ఆవిడ.

"అదే మంత్రం! నాలుగొందల చక్రాలకీ గాలి తీశా. అవతలికి రాగానే ఊదేశా. నాలుగొందలూ ఒక్క ఊపిరిలో!"

ఆవిడ అప్పుడు కూర్చుంది. ఒక టీ చెప్పింది.

"నేను వంతెన దగ్గర్నుంచే వస్తున్నా బాబాయ్."

బాబాయ్ చేతిలో గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది.

"పొద్దున్నుంచీ మీ బండి అక్కడే ఉంది. నా ఓవెన్ వంతెనకి తగులుకుని ముందుకీ పోదు, వెనక్కీ రాదు. మీ బావమరిది ఒక్కడూ తల పట్టుకుని కూర్చున్నాడు. నాకైతే ఏడుపే తక్కువ. అడ్డొచ్చింది రెండు వేళ్ల మందం."

బాబాయ్ గ్లాసు కింద పెట్టి చెప్పుల వైపు చూశాడు. "లోబెడ్ పక్కూళ్లో ఉందమ్మా. వెళ్లి తేవడానికి బద్ధకించాను. నీకు మొహం చూపించలేక ఇక్కడ కూర్చున్నాను," అన్నాడు. ఆయన అంత చిన్న మాట చెప్పడం మేమెప్పుడూ వినలేదు.

"మీ బావమరిదే అన్నాడు, మా బావ కథల్లో గాలి తీస్తాడమ్మా, మనమూ తీసి చూద్దామా అని. తీశాం. అంగుళం అంగుళం లాగితే బయటపడింది. వంతెన దాటగానే మా కొట్టే కదా, దింపించేశాను."

బాబాయ్ మొహం మతాబాలా వెలిగింది. తొడ చరిచాడు. "విన్నారా? నేను చెప్పలేదూ! ఎవరి బుర్రయ్యా అది!"

"మీదే," అంది ఆవిడ, టీ ఆఖరి గుక్క తాగి లేస్తూ. "అందుకే గాలి మిషను తెస్తానని ఒకతను వస్తే అక్కర్లేదని పంపించేశాను. బండి మా కొట్టు ముందే కూలబడి ఉంది, ఉన్నవి ఎనిమిది చక్రాలే. పదండి బాబాయ్, మా వీధి వీధంతా మీ ఊపిరి కోసం కాచుకుని ఉంది."