కోల్బీకి చెప్పని మాట

నన్నంటే ఏం లాభం మార్లిస్ గారూ? హెడ్ కోచ్ హాల్వర్సన్ ఉన్నాడుగా, ఆయన్ని అడగండి. ఓహో, ఫోన్ ఎత్తడం లేదా? ఎత్తడు. ఏప్రిల్‌లో జట్టులోంచి కుర్రాళ్లని తీసేశాక ఆయన ఏ తల్లి ఫోనూ ఎత్తడు. ఆ పని నాది. ఊరూరా తిరిగి ఐస్ హాకీ కుర్రాళ్లని ఏరుకొచ్చేదీ నేనే, తర్వాత వాళ్ల తల్లుల చేత తిట్లు తినేదీ నేనే.

కాఫీ వద్దండీ. సరే, పోసేశారుగా, ఉండనివ్వండి.

మూడేళ్ల కింద ఇదే బల్ల దగ్గర కూర్చుని "మీ కోల్బీని మా కాలేజీకి పంపండి, నాలుగేళ్లూ ఆడిస్తాను" అన్నాను. అన్నాను, కాదనను. అప్పుడది అబద్ధం కాదు. వాడిలో నేనేం చూశానో తెలుసా? ఆట కాదు. ఆటెక్కడుంది అప్పటికి! మంచు మీద ఎడమకి తిరగమంటే గని లారీ మలుపు తిరిగినట్టు తిరిగేవాడు. కానీ కిందపడితే లేచే తీరుంది చూశారూ, అది చూశాను. ఎవరైనా నవ్వారా అని చుట్టూ చూసుకోడు. లేచి పోతాడంతే.

రెండేళ్లండీ! పొద్దున్నే ఆరింటికి, ఐస్ రింక్‌లో మేమిద్దరమే. నడుముకి తాడు కట్టి టైరు లాగించాను. ఒక్క ఎడమ తిరుగుడే, రోజుకి రెండొందలసార్లు. వాంతి చేసుకునేవాడు, మూతి తుడుచుకుని "ఇంకెన్ని కోచ్?" అనేవాడు. మీకు చెప్పలేదా? చెప్పడు లెండి. చెప్పుకునే రకం కాదు.

మరెందుకు తీసేశారంటే ఏం చెప్పమంటారు? మా పనే మారిపోయింది. ఇదివరకు కుర్రాణ్ణి తెచ్చి, తీర్చిదిద్ది, ఆడించుకునేవాళ్లం. ఇప్పుడు మనం తీర్చిదిద్దినవాణ్ణి వేసవి రాగానే పెద్ద కాలేజీ వాళ్లు తన్నుకుపోతారు. పోయినేడు ముగ్గురు పోయారు. ముగ్గురూ నా చేతి కింద నేర్చుకున్నవాళ్లే. హాల్వర్సన్ నన్ను గదిలోకి పిలిచి, "ఊరందరి కోసం కోళ్లఫారం పెట్టామా రస్, మనం?" అన్నాడు. "ఇక పెంచింది చాలు. పెరిగినవాళ్లనే పట్రా" అన్నాడు.

పట్టుకొచ్చాను. కెనడా వాడు, గడ్డం మీసం అన్నీ వచ్చేసినవాడు. ఆటలో మీవాడికంటే మేలే. ఊఁ, నిజమే చెబుతున్నా. ఎంతో కాదు, కొంచెం.

తీసేశామన్న మాట కోల్బీకి చెప్పడానికి ఆరు నిమిషాలు పట్టింది. "చదువు చదువే, ఫీజు కాలేజీయే కడుతుంది, జట్టులో మాత్రం చోటు లేదు" అన్నాడు హాల్వర్సన్. కోల్బీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. వాడేమడిగాడో తెలుసా? "స్కేట్లు నావా, కాలేజీవా?" అన్నాడు. ఉంచుకోమన్నాను.

నాకు ఏడుపేం రాలేదు. మీ దగ్గర దాపరికమెందుకు? పళ్ల డాక్టరు సూదిమందు ఇచ్చాక దవడ ఉంటుంది చూడండి... ఉన్నట్టు తెలుస్తుంది, మనదని తెలీదు. పాతికేళ్లుగా ఇలాంటి గదుల్లో కూర్చుని కూర్చుని అలా అయిపోయాను.

ఇందాక పెరట్లో కట్టెలు పేరుస్తూ కనబడ్డాడు. "దారిలో బురద ఎక్కువుందా కోచ్?" అని అడిగాడు. కోపం లేదండీ వాడికి. ఒక్క ముక్క అంటే బాగుండేది.

మార్లిస్ గారూ, మీరు మూడుసార్లు ఫోన్ చేశారని కాదు నేనొచ్చింది.

పోయినేడు ఇదే రోజుల్లో తూర్పు వైపు కాలేజీ నుంచి నా పాత స్నేహితుడొకడు ఫోన్ చేశాడు. వాడూ కోచే. "మీ కోల్బీ ఉన్నాడే, కాలేజీ మారే ఆలోచనేమైనా ఉందా? వస్తే ప్రతి ఆటలోనూ ముందు వాణ్ణే దింపుతాను. మిగిలిన రెండేళ్లూ నాదే పూచీ" అన్నాడు. "వాడి మోకాలు దెబ్బతింది, వదిలెయ్" అన్నాను.

ఏ మోకాలా? ఏ మోకాలూ కాదు. రెండూ నిక్షేపంగా ఉన్నాయి.

ఆ వారంలోనే కోల్బీ వచ్చాడు. "అందరూ పోతున్నారు కదా కోచ్, నన్నెవరైనా అడిగారా?" అన్నాడు. ఎవరూ అడగలేదు, ఇక్కడే ఉండమన్నాను. సరేనన్నాడు. నేను చెబితే నమ్మకుండా ఉంటాడా?

ఎందుకంటే... నాలుగోవాడు కూడా పోతే నా ఉద్యోగం ఉండేది కాదు. అదొకటి. ఇంకోటి కూడా ఉంది. ఆ ఎడమ తిరుగుడు నేను చేసింది. ఇంకెవడో దాన్ని చూసి మురిసిపోతాడంటే ఓర్చుకోలేకపోయాను. ఇంతా చేసి ఈ ఏడు పదకొండు ఆటలాడించాం. పదకొండు!

మొన్న నేనే ఆ స్నేహితుడికి ఫోన్ చేశాను. మోకాలు బాగైందన్నాను. చోట్లన్నీ నిండిపోయాయన్నాడు. వాడూ కెనడా నుంచే తెచ్చుకున్నాడట.

అదీ సంగతి. తిట్టండి.

కట్టెల చప్పుడు ఆగింది. పని అయినట్టుంది. ఈ మోకాలి సంగతి వాడికి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా? నన్నేనా? సరే. పిలవండి.

కొంచెం త్వరగా పిలవండి. అయిదింటికి డులూత్‌లో ఇంకో తల్లి దగ్గరికి వెళ్లాలి నేను.