మెత్తబడ్డ సీటు

కూర్చోవేమే, అలా గోడకి ఆనుకుని నిలబడ్డావు? ఒరుసుకుపోయిందా? నవ్వనులే. దూరం సైకిలు తొక్కేవాళ్లకి ముందు పోయేది కాళ్లు కాదే పిల్లా, కూర్చునే చోటు. మీ తాతయ్యా అంతే. దర్జీలకి దారాలూ గుండీలూ అమ్ముతూ ఊరూరా సైకిలు మీదే కదా తిరుగుడు. పొద్దుగూకి ఇంటికొచ్చి, అచ్చం నీలాగే నిలబడి అన్నం తినేవాడు. ఎన్ని సీట్లు మార్చాడనీ. తోలు సీటు, స్ప్రింగుల సీటు, పాతసామాన్ల కొట్లో దొరికిన ఆడవాళ్ల సీటు కూడానూ. సైకిళ్ల షాపతను, ‘అన్నా, సీటు బాగానే ఉంది, నువ్వే మారాలి’ అని ఎగతాళి. ఆఁ, ఆ రోజుల్లోనే మా అత్త శాలువా పోయింది. మామగారు కొనిపెట్టిన ఉన్ని శాలువా, ఆకుపచ్చ అంచుది. ఆవిడ కప్పుకోదు, ఇంకోళ్లని ముట్టుకోనివ్వదు, పెట్టె తెరిచి చూసుకుంటుందంతే. ఆ ఇంట్లో బయటినుంచి వచ్చిందాన్ని నేనొక్కదాన్నే కదా, ఇంకేం, నా ట్రంకుపెట్టె నడింట్లో బోర్లించారు. నా లోపలి బట్టలు కూడా ఆడబిడ్డ ఒక్కోటీ దులిపి చూసింది. మీ తాతయ్య అక్కడే ఉన్నాడు, గోళ్లు కత్తిరించుకుంటూ. ఆనక చెంచా కనపడకపోయినా చూపులన్నీ నా కొంగు మీదే. మా అత్త తాళాలు మొలకి కట్టుకుని పడుకునేది.

సీటు సంగతి కదూ. సరిగ్గా అప్పుడే ఆయనకి సీటు కుదిరింది. ‘దూది మీద కూర్చున్నట్టుందే, ఎంత దూరమైనా పోతా’ అనేవాడు. పోన్లే, మనిషి కూర్చుని తింటున్నాడు అని నేనూ సంతోషించా. వాన పడితే ముందు ఆ సీటే తుడిచేదాన్ని, నా కొంగుతో. మా అత్త పోయేముందు, మాట పడిపోతూ, నా చెయ్యి పట్టుకుంది. ‘ఇప్పుడైనా చెప్పవే, ఎక్కడ పెట్టావు’ అంది. నేను తియ్యలేదత్తా అన్నా. మీ తాతయ్య పక్కనే ఉండి ఏమన్నాడో తెలుసా? ‘పోయే ప్రాణం, తీశానని ఒప్పేసుకోరాదూ, నీ సొమ్మేం పోయింది’ అన్నాడు. ఉప్పు అందుకో అన్నట్టు అన్నాడే.

ఆయనా పోయాక సైకిలు అమ్మేద్దామని షాపుకి తీసుకెళ్లా. సీటు తొడుగు చిరిగిందక్కా, మారుస్తా అని అతను కత్తి పెట్టి కోశాడు. కోసి, లోపలికి తొంగిచూశాడు. ‘అక్కా, ఇటోసారి రా’ అన్నాడు. మడతలు మడతలుగా ఉన్ని. ఆకుపచ్చ అంచు. చుట్టూ గుండీలు కుట్టే దారం, జంట పోగు, ఆయన చేతి కుట్టే. నేను ఆ కుట్టు మీద వేలు పెట్టి చూశా. ఒప్పేసుకోరాదూ, ఒప్పేసుకోరాదూ అని ఆ గొంతే చెవిలో. ఎవరికి చూపించను? అత్త లేదు, ఆడబిడ్డ లేదు. షాపతను తీసెయ్యనా అన్నాడు. చివరికి అతనే దాన్ని లోపలే ఉంచి, సీటుకి పైన కొత్త తొడుగేసి నా చేతికిచ్చాడు, సైకిలు తను కొనుక్కున్నాడు.

అదిగో, అటక మీదుంది. కావాలంటే నీ సైకిలుకి బిగించుకో. మెత్తగానే ఉంటుంది, అందులో మాత్రం ఆయన అబద్ధమాడలేదు.

పానా ఆ గూట్లో ఉంటుంది, చూడు.