పద్నాలుగు తాళంచెవుల మామయ్య

తాళాల మామయ్య నోరు తెరిచాడంటే టీ చల్లారిపోతుందని ఆ వీధిలో అందరికీ తెలుసు. తెలిసీ అందరూ టీ చెప్పి మరీ కూర్చుంటారు. ఆయన నడుముకి పద్నాలుగు తాళంచెవుల గుత్తి వేలాడుతూ ఉంటుంది, మనిషి మలుపు తిరగకముందే ఆ గలగల వినిపిస్తుంది. ఒక్కో తాళంచెవికి ఒక్కో ఇల్లని, పద్నాలుగిళ్ళూ అద్దెకిచ్చి కూర్చున్నానని ఆయన చెప్పుకుంటాడు. ఆ ఇళ్ళు ఎక్కడున్నాయని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే కథలు ఆగిపోతాయని భయం.

ఆ మధ్యాహ్నం టైలరమ్మ మాత్రం కథ కోసం రాలేదు, అవసరం కోసం వచ్చింది. టీకొట్టు పక్కనే ఆమె కుట్టు దుకాణం. పదిహేనేళ్ళు మిషన్ తొక్కి, దుకాణం మీద రెండు గదులు వేయించుకుంది. మొదట అద్దెకి దిగినవాళ్ళు నెల తిరక్కుండానే "మాకు కుదరట్లేదండీ" అని వెళ్ళిపోయారు. రెండోవాళ్ళదీ అదే మాట. ఏం కుదరలేదో మొహమాటానికి ఎవరూ చెప్పలేదు. ఈ నెలాఖరులోగా ఎవరూ రాకపోతే ఆ గదుల్లో సిమెంటు బస్తాలు వేసుకుంటానని మరిది కాచుక్కూర్చున్నాడు. ఆ బస్తాలు ఒకసారి ఎక్కితే మళ్ళీ దిగవని ఆమెకు తెలుసు.

"మామయ్యా, ఇళ్ళు అద్దెకివ్వడంలో మీ తర్వాతే ఎవరైనా అంటారు. నాకూ నాలుగు ముక్కలు చెప్పరూ?" అంది, మెళ్ళో టేపు తియ్యకుండానే బల్ల చివర కూర్చుంటూ.

మామయ్యకి అంతకన్నా ఏం కావాలి? గుత్తి ఒకసారి గలగలలాడించి, కాలు మీద కాలేసుకున్నాడు.

"మొట్టమొదట ఒక బకెట్ కావాలమ్మా. బకెట్ నిండా నీళ్ళు పట్టుకెళ్ళి గది మధ్యలో కుమ్మరించు. నీళ్ళు గుమ్మం వైపు పోయాయా, నీ గదికి ఢోకా లేదు. మంచం వేసే మూలకి పోయాయా, ఎంత ఖరీదైన రంగులు వేయించినా దండగే. నా మొదటి ఇంటికి ఏమైందో తెలుసా? తలుపులకి వార్నిష్ ఉంది, కిటికీలకి అద్దాలున్నాయి, నేలకి సరైన వాలు మాత్రం లేదు. కడిగిన ప్రతిసారీ నీళ్ళన్నీ మంచం కిందకే! చెప్పులు తేలుకుంటూ వచ్చి దిండు పక్కన ఆగేవి."

"వాలు తప్పితే అంతే మరి," అన్నాడు ఎదుటి బల్ల మీద టీ తాగుతున్న తాపీమేస్త్రీ. ఈ కథలో ఇంతవరకూ ఆయనకి అబద్ధం కనిపించలేదు.

"ఇక రెండోది. అద్దెకిచ్చే ముందు ఓనరు నాలుగు రోజులు ఆ గదిలో ఉండాలి. చూసి రావడం కాదు, ఉండాలి! అక్కడే వంట, అక్కడే స్నానం, అక్కడే గుడ్డలారెయ్యడం. నేనున్నాను. మొదటి రోజు చూద్దును కదా, లైటు స్విచ్చి తలుపు వెనకాల ఉంది. చీకట్లో లోపలికొచ్చి, తలుపు మూసి, గోడంతా తడుముకుంటే గానీ దొరకదు. రెండో రోజు, కుళాయి కింద బకెట్ పట్టదు, చెంబే పడుతుంది. చెంబుతో బకెట్ నింపుకునేసరికి ఆఫీసు టైమ్ కాస్తా అయిపోతుంది. మూడో రోజు వాన. సరిగ్గా దిండు మీద, ఎడమ చెవి పక్కన ఒక్క చుక్క. దిండు ఇటు జరిపితే ఆ చుక్క కూడా ఇటే జరుగుతుంది!"

టైలరమ్మకి మనసులో సిగ్గేసింది. గదులు కట్టించి ఏడాదైంది, ఒక్క పూటైనా అందులో కూర్చున్న పాపాన పోలేదు.

"అన్నీ బాగుచేయించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బోర్డు తగిలించడానికి మేకు కొడుతున్నాను, ఆ చప్పుడుకే ముప్పై మంది వచ్చి నిలబడ్డారు."

"మొన్న అరవై అన్నావు బావా," అన్నాడు టీకొట్టాయన గ్లాసులు కడుగుతూ.

"అరవై సాయంత్రానికి. నేను చెప్పేది పొద్దుటి మాట. మరి అంతమందిలో ఎవర్ని ఎంచుకోవాలి? ఎవరి ఉద్యోగం గొప్పదో అడగలేదమ్మా. వాళ్ళ పాత ఓనర్లకి ఫోన్ చేసి ఒకటే అడిగాను, 'ఖాళీ చేసిన రోజు గది ఊడ్చి వెళ్ళారా?' అని. ఇక మనది కాదనుకున్న గదిని కూడా ఊడ్చి వెళ్ళాడంటే, వాడు మన గదిని కళ్ళకద్దుకుంటాడు. అలా ఫోన్ చేస్తుంటే ఒక ఓనరు ఏమన్నాడనుకున్నారు? 'వాళ్ళ సంగతి తర్వాత, ఆ గది నాకిస్తారా, నా మేడ వదిలేసి వచ్చేస్తాను' అని!"

"ఇచ్చారా?" అన్నాడు మేస్త్రీ.

"ఎలా ఇస్తాను? ఆ నాలుగు రోజుల్లో నాకే ఆ గది మీద మనసు పడిపోయింది. ఎవరికీ ఇవ్వలేక నాకు నేనే అద్దెకిచ్చుకున్నాను. కింద ఓనర్ని నేనే, పైన అద్దెకున్నదీ నేనే. అయినా కాగితం రాసుకోకుండా దిగలేదు సుమా! అయినవాళ్ళ దగ్గరే కాగితం ముఖ్యం అమ్మాయ్. గోడకి ఎన్ని మేకులున్నాయో, ఏ అద్దం ముందే పగిలిందో, అన్నీ రాయించాను. కుడిచేత్తో ఓనరు సంతకం, ఎడంచేత్తో అద్దెవాడి సంతకం. ఎడంచెయ్యి రెండుసార్లు చదివించుకుని గానీ పెట్టలేదు."

టీకొట్టాయన గ్లాసులు వదిలేసి వచ్చి కూర్చున్నాడు.

"నెల తిరిగేసరికి కుళాయి కారింది. కిందకి దిగి 'ఏవండీ, కుళాయి కారుతోంది' అన్నాను. 'రేపు చూద్దాం' అన్నాను. మర్నాడు మళ్ళీ దిగాను. 'ప్లంబరు ఊళ్ళో లేడు' అన్నాను. లేకేం, వీధి చివర పేపరు చదువుకుంటూ పైకిటికీలోంచి నాకు కనిపిస్తుంటేనూ! ఒళ్ళు మండిపోదూ? వారం రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. మీ అత్తయ్యకి కింద నాకొక కప్పు, పైన నాకొక కప్పు కాఫీ మొయ్యలేక మోకాళ్ళు పట్టేశాయి. అంతటితో అయిందా? ఒకరోజు పైన కునుకు తీస్తుంటే, ఓనర్ని కదా అని తలుపు కొట్టకుండా, నా దగ్గరున్న రెండో తాళంచెవితో తీసుకుని లోపలికొచ్చేశాను. దిగ్గున లేచాను! 'ఇల్లు మీదైతే కావచ్చు, ఇందులో బతుకుతున్నది మేము. తలుపు కొట్టి రావాలని తెలీదా?' అని అరిచాను. పాపం, తలెత్తలేకపోయాను. ఆ పూటే ఖాళీ చేసేస్తానన్నాను. కాళ్ళావేళ్ళా పడ్డాను, వింటేనా? నా సామాను నేను దింపుకుంటుంటే, నేనే మెట్ల మీద నిలబడి బావురుమన్నాను. ఇద్దరం కావలించుకుని ఏడుస్తుంటే వీధి వీధంతా ఏడ్చింది, బస్సు కూడా ఆగిపోయింది. గది ఊడ్చి మరీ వెళ్ళాను. కానీ ఏం లాభం? తాళంచెవి ఇచ్చి వెళ్ళమని గానీ, పోనీ తాళం మార్చుకోవాలని గానీ ఆ ఓనరుకి తట్టలేదు. ఎవరికీ తట్టదమ్మా! పద్నాలుగు మందిలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు కూడా నన్ను తాళంచెవి అడగలేదు!"

మేస్త్రీ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. టైలరమ్మ నవ్వలేదు. ఆమె చూపు గుత్తి మీద ఉంది.

"ఏ పద్నాలుగు మంది మామయ్యా?" అంది.

మామయ్య టీ గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు.

"ఏమీ అనుకోకండి. కొలతలు తీసుకుని బతికేదాన్ని. ఒంటికి కుట్టించుకున్న చొక్కా ఏదో, అరువు చొక్కా ఏదో చూడగానే తెలిసిపోతుంది. చెంబుతో బకెట్ నింపుకున్నవాడి విసుగు, దిండు మీద చుక్క, తలుపు కొట్టలేదన్న కోపం, ఇవన్నీ మీకు సరిగ్గా అతికాయి. ఆ ఓనరు చొక్కానే భుజాల దగ్గర జారిపోతోంది."

మామయ్య నెమ్మదిగా గుత్తి విప్పి బల్ల మీద పెట్టాడు.

"అద్దెకిచ్చినవి కావమ్మా," అన్నాడు. "అద్దెకున్నవి. పెళ్ళైన దగ్గర్నుంచి పద్నాలుగిళ్ళు మారాం. ఎవరూ అడగలేదు, పారెయ్యడానికి చేతులు రాలేదు. నడుముకి ఈ బరువుంటే పదిమందిలో ఒక మాట చెల్లేది."

టీకొట్టాయన తలొంచుకున్నాడు. టైలరమ్మకి మాత్రం జాలి కలగలేదు, ఆయన మీద గౌరవం పెరిగింది. పద్నాలుగిళ్ళున్న ఓనరుకి పద్నాలుగు గోడలే తెలుస్తాయి, ఆ గోడల మధ్య బతకడం తెలిసింది ఈయనకే కదా అనుకుంది. లేచి దుకాణంలోంచి బకెట్ తెచ్చింది.

"పదండి మామయ్యా. మేస్త్రీ, నువ్వూ రా."

పైగది మధ్యలో మామయ్య నీళ్ళు కుమ్మరించాడు. నీళ్ళు ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగి, తిన్నగా మంచం వేసే మూలకి పోయాయి. టైలరమ్మ ఉసూరుమంది. "మాకు కుదరట్లేదండీ" అన్న మాటకి అర్థం ఏడాదికి తెలిసింది. మామయ్య తలుపు వెనక తడిమి స్విచ్చి వేశాడు. కుళాయి కింద బకెట్ పెట్టబోతే పట్టలేదు.

"మూడు రోజుల పని," అన్నాడు మేస్త్రీ, మూలన గొంతుక్కూర్చుని నేల మీద అరచెయ్యి ఆనిస్తూ. "రేపే మొదలెడతాను."

"ఇవి బాగుచేయిస్తే నెలాఖరులోగా ఎవరైనా వస్తారంటారా?" అని అడిగింది ఆమె.

మామయ్య కిటికీ తెరిచి చూశాడు. ఈసారి ఆయన నోట ముప్పై మందీ రాలేదు, అరవై మందీ రాలేదు. జేబులోంచి ఒంటరి తాళంచెవి ఒకటి తీశాడు.

"ఇది పదిహేనో ఇంటిది. మేమిప్పుడు ఉంటున్నది. పడగొట్టి కొత్తది కడతారట, నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. నువ్వు ఒప్పుకుంటే... మీ అత్తయ్యకి ఈ కిటికీ నచ్చుతుంది."

ఆ మాటలో కోతలు లేవు. అలాంటి మాట ఆ నోటి నుంచి వినడం టైలరమ్మకి అదే మొదలు. నవ్వు ఆపుకుంటూ అంది, "పాత ఓనరుకి ఫోన్ చేసి ఒకటే అడుగుతాను. గది ఊడ్చి వెళ్ళే మనుషులేనా అని."

"పద్నాలుగుసార్లూ ఊడ్చే వెళ్ళాం!" అని ఛాతీ విరిచాడు మామయ్య. మళ్ళీ అంతలోనే తగ్గి, "అంటే... ఊడ్చింది మీ అత్తయ్య," అన్నాడు.

"అయితే కాగితం రాసుకుందాం. మేకులు, అద్దాలు, అన్నీ రాద్దాం. కుళాయి కారితే ఆ రోజే చూపిస్తాను, తలుపు కొట్టే వస్తాను. ఒక్క షరతు మాత్రం ఉంది మామయ్యా. ఎప్పుడైనా వెళ్ళేటట్టయితే తాళంచెవి నా చేతికిచ్చి వెళ్ళాలి."

మామయ్య కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"అడిగిన మొదటి ఓనరువి నువ్వేనమ్మా," అన్నాడు.