థర్లో కెనడా దాకా తరిమిన పిల్లి

"ఆ ఉచ్చు ట్రక్కులోనే ఉండనియ్ ఎమరీ, దాంతో ఇక పనిలేదు. మన హాటీ కోళ్ళు రెంటిని ఎత్తుకుపోయిందే ఆ అడవిపిల్లి, బాబ్‌క్యాట్, దాన్ని నిన్న నేనే తరిమేశాను," అన్నాడు థర్లో, ఊరి కొట్లో పొయ్యి పక్కకి కుర్చీ లాక్కుంటూ.

"నువ్వా?" అంది హాటీ.

"నేనే. పెద్ద గొప్పేం కాదులే, తోక పట్టుకున్నానంతే. దాని తోకెంత, నా బొటనవేలంత! అయినా పట్టు దొరికింది. అది హడిలిపోయి గడ్డకట్టిన సరస్సు మీదకి పరుగు లంకించుకుంది, నేను వదిల్తేగా! బోర్లా పడి మంచు మీద జారుకుంటూ పోతున్నాను, అటూ ఇటూ చేపలు పట్టేవాళ్ళ గుడిసెలు వెనక్కి పోతున్నాయి, లోపలున్నవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఒకడైతే దారిలో తినమని చేప కూడా చేతిలో పెట్టాడు."

"ఏం చేప?" అన్నాడు ఎమరీ.

"ట్రౌట్. మధ్యలో అడ్డం రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎదురుగా మూస్! గుర్రం కన్నా ఎత్తు దుప్పి, పక్కకి తప్పుకోదే! పిల్లీ నేనూ దాని కాళ్ళ సందులోంచి దూరిపోయాం. దానికి రోషం వచ్చి మా వెంటపడింది, దాని వెనక తోడేళ్ళలాంటి కొయోటీలు ఏడు. ఒక గుడ్లగూబ, రెక్కలు నొప్పెట్టాయి కాబోలు, వచ్చి నా టోపీ మీద కూర్చుంది. అలా ఊరేగింపుగా కెనడా సరిహద్దు చేరాం. కాపలావాడు పిల్లికి కాగితాలేవన్నాడు. దీనికి నేను పూచీ అన్నాను. అప్పుడది పంజా ఎత్తి, హాటీ కోళ్ళ జోలికి రానని ఒట్టేసి, భోరున ఏడ్చింది. నేనే కళ్ళు తుడిచాను. ఇంకెందుకయ్యా ఉచ్చు? ఉచ్చులు పెట్టే సీజను కూడా ఎల్లుండితో సరి."

ఎమరీ కాఫీ కప్పు కింద పెట్టాడు.

"మొన్నటి నుంచీ కొత్త మంచు పడలేదు థర్లో. ఇందాక చూసే వచ్చాను. సరస్సు మీద కుందేలు అడుగు కూడా లేదు. పిల్లి అడుగులు హాటీ కోళ్ళగూడు దగ్గర బయల్దేరి నేరుగా నీ కట్టెల కొట్టంలోకి పోయాయి. నీ వంటింటి గుమ్మం నుంచి ఆ కొట్టానికి నీ బూట్ల అచ్చులతో దారే పడిపోయింది. చివర తిండి పెట్టిన పళ్ళెం కూడా ఉంది."

థర్లో టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"దాని ముందుకాలు కుంటుతోందిరా. ఈ చలిలో అదేం వేటాడుతుంది? దాన్ని చంపితే నేను చూడలేను," అన్నాడు, ఈసారి నెమ్మదిగా.

"కోళ్ళు నీవి హాటీ. ఉచ్చు పెట్టమంటే పెడతాను," అన్నాడు ఎమరీ.

హాటీ కోటు గుండీలు పెట్టుకుంది. "వద్దులే. పిల్లిదేముంది, గూడు తలుపు తెరుచుకుంటే ఏ పిల్లయినా వస్తుంది." థర్లో వైపు తిరిగింది. "గూటి గొళ్ళెం బాగుచేస్తానని అక్టోబరు నుంచి చెబుతున్నావు. కెనడా దాకా పోయొచ్చిన మనిషికి పక్కింటికి రావడానికి తీరిక లేకపోయిందా?"