కొమురెల్లి నిద్ర, సుసన్నా ఇంగ్లీషు

ఏమన్నావు బిడ్డా, సుసన్నా గురించా? మన బడి పండుగలో ఆమె ఫొటో పెట్టి, ఆదివారం నాకు శాలువా కప్పుతారటనా? ఎందుకట? ఆఁ... ఆమెను విదేశాలకు ఇంగ్లీషు టీచరుగా పంపినది నేనేనని. పాస్టరు గారూ అదే అంటారు, ఊరంతా అదే అంటుంది. నిజమేనా అని ఇప్పుడు నీవు అడుగుతున్నావు. నిజమని చెప్పలేను, అబద్ధమనీ చెప్పలేను. కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. ఇటు కూర్చో.

గోదావరిఖనిలో మన బడి అప్పుడు రెండే రెండు రేకుల గదులు. ఒక గదిలో నేను, ఒక గదిలో సుసన్నా. నాకంటె ఆరేండ్లు చిన్నది. మా నాయన గారు నాకు తెలుగు సంధులు ఎట్లా వల్లె వేయించారో, ఇంగ్లీషు వ్యాకరణమూ అట్లాగే వేయించారు. నా తరగతిలో నలభై మంది ఒక్క గొంతుతో క్రియారూపాలు చెబితే రోడ్డు మీద పోయే పెద్దపల్లి బస్సు డ్రైవరుకు కూడా వచ్చేసేవి. సుసన్నాకు అంత చదువెక్కడిది? ట్రెయినింగు రెండోసారికి గట్టెక్కింది. మనిషి మాత్రం మంచిది. చీర కుచ్చిళ్ళు ఏనాడూ సమంగా ఉండేవి కావు, అది వేరే సంగతి. ఏం చెబుతున్నాను? ఆఁ, గోడ. బడి గోడకు ఆనుకొని గని కార్మికుల క్వార్టర్లు. రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు పగలు పడుకోవలె గదా. కొమురెల్లి అని, బొగ్గు నరికే ఆయన, ఒకనాడు ఎర్రబడ్డ కండ్లతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "టీచరమ్మా, రాత్రంత బాయిల బొగ్గు నరికి వచ్చిన. కన్ను మూస్తె మీ పోరగాండ్ల లొల్లి. రేపు బాయిల కునుకు వట్టి, కప్పు కూలి మీద వడితె, నా పెండ్లాం పిల్లలను మీరు సాదుతరా?" నేను ఊరుకుంటానా? "ఇది లొల్లి కాదయ్యా, పఠనము" అన్నాను. "ఏదైతేంది, నిద్రయితె వస్తలేదు గద!" అన్నాడు. సుసన్నా లేచి, "పోయి పండుకో అన్నా, రేపటి నుంచి సప్పుడు రాదు" అన్నది.

నిజంగానే రాలేదు, ఆమె గది నుంచి. పలక మీద బొమ్మ గీసేది, పిల్లలు దానిని ఆడి చూపేవాళ్ళు. ఒకడు పక్కవాని చెవిలో ఇంగ్లీషులో ప్రశ్న అడిగేవాడు, వాడు ఇంకొకని చెవిలో జవాబు చెప్పేవాడు. నా గది మాత్రం ఎప్పటివలెనే. కొమురెల్లి తన మంచం ఆమె గది వైపు కిటికీ కిందికి మార్చుకున్నాడు! నాకు ఒళ్ళు మండింది. "నోరు విప్పని భాష ఏం భాష సుసన్నా?" అన్నాను. "అక్కా, నీ పిల్లలు నోరు విప్పుతరు గని నీకే చెప్తరు. నా పోరగాండ్లు ఒకరితోని ఒకరు మాట్లాడుతున్నరు" అని నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఉన్నదో లేదో నాకు అప్పుడూ తెలియలేదు.

డెబ్బై రెండులో ఒక తెల్ల దొరసాని వచ్చింది. అడిస్ అబాబాలో అన్ని దేశాల పిల్లలు చదివే బడి ఆమెది. ఒక్క టీచరు కావలెను. మన బడి నడిపే మిషను వారు మా ఇద్దరి పేర్లూ ఇచ్చారు. నాకు ఆ కొలువు కావలెనని ఎంత ఉండెనో ఎవరికీ చెప్పలేదు, మీ తాతకు కూడా. దొరసాని ముందు నా తరగతి చూసింది. ఒక్క తప్పు లేదు. "బాగుంది" అన్నది. తర్వాత సుసన్నా తరగతిలో గంటసేపు కదలకుండా కూర్చున్నది. లేచి, "ఇది ఏ పద్ధతి? ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగింది. సుసన్నా నోరు తెరవబోయింది. నేను ముందుకు పోయి, చక్కని ఇంగ్లీషులో చెప్పాను: "ఇది పద్ధతీ కాదు, ఏమీ కాదమ్మా. గోడ అవతల గని కార్మికుడు పడుకున్నాడు. ఆయన కోసం ఈమె గొంతు తగ్గించుకున్నది, అంతే." దొరసాని కిటికీలో నుంచి తొంగి చూసింది. కొమురెల్లి నోరు తెరిచి గుర్రు పెడుతున్నాడు. ఆమె ఏం చేసిందనుకున్నావు? చెప్పులు విప్పి చేతిలో పట్టుకొని, మునివేళ్ళ మీద నడిచి బయటకు పోయింది!

పది రోజులకు ఉత్తరం వచ్చింది, సుసన్నాకు. పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకున్నది. "అక్కా, ఏదో పుస్తకంల చదివిన అని అబద్ధం చెప్పబోయిన. నువ్వు నిజం చెప్పి నన్ను గట్టెక్కిస్తివి!" నేను చెప్పినది నిజమే. ఎందుకు చెప్పానో... అది ఆమెకు చెప్పలేదు. చెడగొట్టడానికే చెప్పాను బిడ్డా. మరి చెడలేదు గదా! చెడగొట్టబోయి బాగు చేస్తే దానిని ఏమంటారు? ఇంత వ్యాకరణం చదివాను, దానికి పేరు దొరకలేదు.

మూడేండ్లు అక్కడ పనిచేసింది. అక్కడ గొడవలు రేగితే జాంబియాకు, లుసాకాలో ఇంకొక పెద్ద బడికి పోయింది. కొత్త టీచర్లకు ఆమెనే నేర్పేదట. ప్రతి క్రిస్మసుకు జాబు వచ్చేది, "నాకు దారి చూపిన అక్కకు" అని మొదలుపెట్టి. చర్చిలో అందరి ముందు చదివేవారు. నేను చేతులు కట్టుకొని వినేదాన్ని. డెబ్బై ఏడులో ఇక ఓపలేక ఉన్నదున్నట్లు రాసి పంపాను, ఆ కొలువు నీకు రాకూడదనే ఆ మాట అన్నానని. రెండు నెలలకు జవాబు వచ్చింది. అక్కడి వానలు, పిల్లల నాటకం, మామిడికాయ పచ్చడి పంపుమని. నా మాట గురించి ఒక్క అక్షరం లేదు. అయితే ఈసారి పైన "ప్రియమైన అక్కకు" అని మాత్రమే ఉన్నది. నా ఉత్తరం అందిందా? అందక, తొందరలో అట్లా రాసిందా? అంది, చదివి, పచ్చడి అడిగిందా? పచ్చడి పంపాను. అది చేరేలోపే జ్వరంతో అక్కడనే పోయింది. అక్కడనే సమాధి.

ఇక ఆదివారం శాలువా అంటారు. వద్దంటే ఎందుకో చెప్పవలె. కప్పించుకుంటే... కప్పించుకుంటే ఆమె మాట నిలబెట్టినట్లా, మళ్ళీ ఆమెను మోసం చేసినట్లా... ఎందుకట్లా చూస్తున్నావు? నీవైతే ఏం... ఉండు. నల్లా వచ్చినట్లున్నది. బిందె పెట్టు పో, జల్ది.