ఆ ప్రోగ్రామంతా నాదే తల్లీ

"ఇలా రా తల్లీ, ఆ స్టూలు లాక్కుని కూర్చో. ఏ టీంలో చేరతావో భోజనాల వేళకల్లా చెప్పమన్నారట కదా? దాచడమెందుకు, పోయినసారి వచ్చిన ముగ్గురూ పక్క టీంకి ఎగిరిపోయారు. నువ్వూ పోయావనుకో, నా టీం ఎత్తేసి, నా దగ్గర ఓనమాలు దిద్దినవాడి కింద నన్ను కూర్చోబెడతారు. అది తలుచుకుంటే టీ గొంతు దిగట్లేదు."

"మూడోది బాగానే దిగింది," అన్నాడు టీకొట్టు అన్న.

"నువ్వుండవయ్యా! ఉద్యోగంలో చేరిన కొత్తలో, తల్లీ, బస్సు సీట్లు బుక్ చేసే ప్రోగ్రాంలో ఎక్కడో ఒక చుక్క తప్పు పడింది. పదిమంది సీనియర్లు వారం రోజులు వెతికారు. నేను వెళ్ళి, ఇదిగో ఈ వేలితో, 'ఇక్కడ' అన్నా. అంతే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా కాళ్ళ చప్పుడు వింటే చాలు, బగ్గులు వాటంతటవే సర్దుకునేవి. నువ్వు కోడు రాయొద్దు బాబూ, ఊరికే వరండాలో నడువు అన్నాడు మేనేజరు. నేను నడుస్తుంటే పై అంతస్తులో వేరే కంపెనీవాళ్ళ ప్రోగ్రాములు కూడా బాగుపడిపోయేవి! కావాలంటే మన టెస్టరక్కని అడుగు. ఏమక్కా, పదేళ్ళుగా నా పనిలో తప్పులు వెతుకుతున్నావు, ఒక్కటైనా దొరికిందా?"

"ఒక్కటని ఎలా చెప్తాం సార్, లెక్కపెట్టడం ఎప్పుడో మానేశా."

"చూశావా, ఎంత నమ్మకమో! సరే, టీం లీడ్ ఎలా అయ్యానో విను. ఒకరోజు ఆ ప్రోగ్రాం తిక్కరేగి ఒకే సీటుని నలభైమందికి ఇచ్చేసింది. నేను కూర్చుని మొత్తం మొదట్నుంచీ తిరగరాశా. లక్ష లైన్లు, పక్కన పెట్టిన టీ చల్లారేలోపు! కీబోర్డులోంచి పొగ లేచి ఫైరింజను వచ్చింది. వాళ్ళు నీళ్ళు కొడుతుంటే ఎడంచేత్తో గొడుగు పట్టుకుని కుడిచేత్తో టైపు చేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కరెంటు పోయింది. నేను ఆగితేగా! నా వేగానికి కీబోర్డులోనే కరెంటు పుట్టి పట్టపగలు వీధిదీపాలన్నీ వెలిగాయి. ఆ ప్రోగ్రాం ఎంత స్పీడంటే, మనిషి ఊరెళ్దామని అనుకోకముందే టికెట్టు చేతికొచ్చేది. బస్సులు బయల్దేరకముందే చేరిపోయేవి, డ్రైవర్లు వెనకాల పరిగెత్తుకుంటూ వచ్చేవాళ్ళు! అక్కడికక్కడే నన్ను లీడ్‌ని చేశారు, వద్దు మొర్రో అన్నా వినలేదు."

"డ్రైవరు లేకుండా బస్సెలా..."

"నీ పాలు పొంగుతున్నాయి, అటు చూసుకోవయ్యా. అందులో ప్రతి అక్షరం నాదే తల్లీ. ఇప్పటిదాకా ఇంకొకడు వేలు పెట్టలేదు."

కొత్తమ్మాయి గ్లాసు కింద పెట్టింది. "వారం రోజులుగా ఆ ప్రోగ్రామే చదువుతున్నాను సార్. ఏ లైను ఎవరు రాశారో పేరు కూడా కనిపిస్తుంది కదా."

"కనిపిస్తుందా? మరీ పాతవాటికి కూడానా?"

"పాతవాటికీ కనిపిస్తుంది సార్. మీ పేరు ఒక్కచోట ఉంది. అది కోడు కూడా కాదు, తర్వాత చదివేవాళ్ళకి రాసిన నోటు. 'ఇది ఎలా పనిచేస్తోందో నాకు తెలీదు. దయచేసి ఎవరూ ముట్టుకోకండి.'"

టెస్టరక్కకి పొలమారింది. ఆయన ఖాళీ గ్లాసు పక్కన పెట్టి, గొంతు తగ్గించి, "అయితే పక్క టీమేనా తల్లీ?" అన్నాడు.

"కాదు సార్, మీ టీమే. ఆ ప్రోగ్రాం మొత్తం తనే రాశానని పొద్దున పక్క టీం లీడుగారూ చెప్పారు. ఆయన పేరు ఒక్కచోట కూడా లేదు."