చక్కెర లేని సోడా

1957. తిరుత్తణిలో ఒక మధ్యాహ్నం. వెంగల్ నుంచి చెల్లెలు దేవకిని చూడవచ్చిన ఆదికేశవులు ఆమె వంటింటి గడపలో కూర్చుని ఉన్నాడు.

"సోడా తాగతాడనా?"

"ఊ."

"సోడా తాగతాడని మొగుణ్ణి ఇడిసిపెట్టి వస్తానంటావా, దేవకీ?"

"మెల్లింగా మాట్లాడన్నా. పక్కింట్లో పచ్చయమ్మ వుంటాది."

"వింటే వినీలే. అన్నను బిన్నా, వున్నపళంగా రమ్మను అని నువ్వు చెప్పి పంపితే, నాట్లు ఆడనే ఇడిసిపెట్టి, ఊత్తుకోటకు నడిచి పోయి బస్సు ఎక్కినా. దోవ పొడుగునా ఒకటే యోచన. కొట్టినాడా, తరిమినాడా, ఇంకొకతిని పెట్టుకున్నాడా అని."

"కొట్టలే. తరమలే."

"తాగుడా?"

"తాగుడే. సోడా."

"నన్ను నవ్వించొద్దు."

"నేను నవ్వతా వుండానా?"

"మీ వదిన చెంగమ్మ తమ్ముడు దొంగసారాయి తాగి చేనుగట్టు మింద పడుంటాడు. వాడి పెండ్లాము పోయి వాణ్ణి లేపి, వాడు తిట్టే తిట్లన్నీ తింటా ఇంటికి తీసకొస్తాది. ఆ పిల్ల వచ్చి నీ మొగుణ్ణి చూసిందంటే కాళ్ళకు మొక్కి పోతాది."

"అందురూ అదే చెప్తారు. బంగారం లాంటి మొగుడు. బీడీ లే, పేకాట లే. సోడా ఒక్కటే అని."

"అంత జాస్తిగా తాగతాడా?"

"పొద్దున నోరు పుక్కిలించేది సోడాతో. మాత్తర మింగేది సోడాతో. అన్నం తినేటప్పుడు ఆకు పక్కన సోడా, పండుకొనేటప్పుడు మంచం కింద సోడా. ధర్మలింగం కొట్టు నుంచి కొయ్యపెట్టెలో దించిపోతారు. మిల్లుకు ఒక పెట్టె, ఇంటికి ఒక పెట్టె. తెల్లారి ఆ గోలీ టప్పు మంటే నాకు గుండెలో టప్పు మంటాది."

"చక్కెర జబ్బు మనిషి గదా. సోడా పడతాదా?"

"మొదట్లో తీపి కలరు సోడా తాగతా వుండె. డాక్టరు చూసి, చక్కెర జబ్బు వచ్చింది, తీపి ముట్టొద్దు అన్నాడు. హమ్మయ్య, ఇంగ మానేస్తాడు అనుకున్నా. ధర్మలింగం ఈయన ఒక్కడి కోసరం చక్కెర వెయ్యకుండా, అదేందో సాకరిన్ అంట, ఆ బిళ్ళ కరిగించి పోసి చేసేదానికి మొదలుపెట్టినాడు. ఇంగ అడ్డమేముంది? డాక్టరే తాగమని చెప్పినట్టు తాగతాడు."

"యాడ, ఆ మూల వుండేవేనా? ఇట్లియ్యి ఒకటి. నేనూ చూస్తా... థూ! ఏంది ఇది? నాలిక మింద తీపి, గొంతులో దిగినాక చేదు."

"ఆయనకూ చేదే. నోరంతా చేదుగా వుండాది అంటాడు, ఇంకొకటి కొడతాడు."

"సరి పోనీ. తేన్పులు తెప్పిస్తాది గానీ ప్రాణం తియ్యదు గదా. ఏదో ఒక పిచ్చి ప్రతి మగోడికీ వుంటాది."

"అన్నా. ఆయన నీళ్ళు తాగడు."

"అంత సోడా తాగినోడికి నీళ్ళెందుకు?"

"అట్ల కాదు. ఈ ఇంట్లో నీళ్ళు ముట్టడు. అన్నం తింటాడు. రసం తాగతాడు. కాఫీ తాగతాడు, అది కూడా నువ్వు కూర్చోనుండే ఆ గడపలోనే నిలబడి, నీళ్ళు కుతకుత మని ఉడికేది కండ్లతో చూసినాకనే. మజ్జిగ ముట్టడు. చట్నీ ముట్టడు. చద్దన్నం ముట్టడు."

"కొందరికి మజ్జిగ పడదమ్మా."

"పెండ్లయిన కొత్తలో మన ఇంట్లో పడలేదా? అమ్మ చిలికి ఇస్తే చెంబెడు తాగి, ఇంకా కావాలని అడగలేదా?"

"అదొక కాలం."

"ఏ కాలం నుంచి మానేసినాడో యోచన చెయ్యి మరి."

"నాకేమి తెలుసు?"

"తెలుసు నీకు."

"... కోకిల పోయినప్పటి నుంచా?"

"ఊ."

"వద్దు దేవకీ. బిడ్డ పోయి నాలుగేండ్లాయె. దాన్నీ దీన్నీ ముడిపెట్టొద్దు."

"నేను ముడిపెట్టలే, ఆయన పెట్టినాడు. ఆ ఏడు ఆడికృత్తిక తిరనాళ్ళకు కొండమింది సామికి కావళ్ళు వచ్చినాయి. ఊరంతా జనం. కలరా తిరగతా వుండాది, నీళ్ళు కాచి తాగండి అని తప్పెట కొట్టి చెప్పిపోయినారు. పొద్దున ఆయన కూడా చెప్పినాడు. నేను కాచినా అన్నా. కాచలేదని కాదు. ఇంటి నిండా మనోళ్ళే గదా, కాచింది అయిపోయింది. కట్టెలు వానకు తడిసి పొయ్యి రాజలే. బిడ్డ కొంగు పట్టుకోని నీళ్ళు నీళ్ళు అని ఏడస్తా వుండె. కుండలో ముంచి ఇచ్చినా."

"ఆ కుండలో నేనూ తాగినా."

"నేనూ తాగినా. నాకేమీ కాలే, నీకేమీ కాలే. అదొక్కతే పోయింది."

"బావ అన్నాడా ఆ మాట? నీ వల్లనే పోయిందని?"

"అనుంటే బాగుండు. తిట్టలే, కొట్టలే. బిడ్డను మన్ను చేసి వచ్చిన మరుసటి దినం, ఎండలో నుంచి వస్తే చెంబుతో నీళ్ళు తీసకపోయి ఇచ్చినా. చెంబును చూసినాడు. నా చేతిని చూసినాడు. చెప్పులేసుకోని ధర్మలింగం కొట్టుకు పోయినాడు."

"ఆ సోడా కూడా నీళ్ళే గదా! ధర్మలింగం ఏ బావిలో తోడతాడో ఎవురికి తెలుసు?"

"గోలీ వేసి మూసుండాది గదా అన్నా. నా చెయ్యి దాంట్లోకి పోదు."

"ఛ, ఛ. నువ్వే ఏదేదో అల్లుకుంటా వుండావు. కలరా అంటే మనిషికి భయం పట్టుకోనుంటాది, అంతే. నువ్వు నీళ్ళు కాచి పెట్టు, తానే తాగతాడు."

"ఆ దినం నుంచి కాస్తానే వుండా. పొద్దున లేస్తానే అండా పొయ్యి మింద పెడతా. వడగట్టి, మూత పెట్టి, ఆయన కండ్లబడే జాగాలో పెడతా. నేనొక్కదాన్నే తాగతా. మిగిలింది సాయంత్రం మల్లెచెట్టుకు పోస్తా."

"అయితే భయం ఇంకా పోలేదు."

"పచ్చయమ్మ వాకిట్లో నిలబడి నీళ్ళు అడిగి తాగినాడన్నా. గోడ మింద నుంచి చూసినా. కుండలో ముంచి ఇచ్చింది. కాచినవా అని కూడా అడగలే. గడగడ తాగి, లోటా తిరిగిచ్చి, చల్లగా వుండాయమ్మా అన్నాడు."

"ఏమి మాట్లాడేది? ఊళ్ళో అడిగితే ఏమి చెప్పేది? మొగుడు సోడా తాగతాడని చెల్లెలు వచ్చేసింది అని చెప్పేదా? చెంగమ్మ నన్ను బతకనిస్తాదా? ఇన్ని దినాలు ఓర్చుకున్నావు. ఇప్పుడేమి వచ్చింది కొత్తగా?"

"ఇప్పుడే వచ్చింది."

"ఏమి?"

"ఉండు. వాకిలి చప్పుడు. ఆయనే."

దేవకి భర్త ద్వారకనాథ్ రైసుమిల్లు నుంచి భోజనానికి వచ్చాడు.

"ఎవురు, ఆదికేశవులా! చెప్పా పెట్టకుండా వచ్చేసినావే?"

"ఊరికే బావా. చూసిపోదామని."

"నాట్లు అయినాయా? వానలెట్ల మీ పక్క? మా మిల్లులో పొద్దుననుంచి ఒకటే రచ్చ, ఈ తిరుత్తణి ఆంధ్రాకా, మెడ్రాసుకా అని. తవుడు తూకం వేసేవాడు కూడా వాదించేవాడే."

"బావా, నీతో ఒక మాట మాట్లాడాల."

"మాట్లాడు. ముందు ఎండలో వచ్చినావు, ఒక సోడా కొట్టమంటావా?"

"వద్దు బావా. నీళ్ళు తాగినా. దేవకి ఇచ్చింది."

"... అట్లనా. మంచిది."

"నువ్వూ ఒక లోటా తాగరాదా?"

"నాకు సోడా అలవాటైపోయింది గదా."

"దేవకీ, బావకు ఒక లోటా నీళ్ళు తీసకరా."

"తెచ్చినా. తాగతారేమో అడుగన్నా."

"ఇప్పుడే మిల్లులో తాగి వచ్చినా, కడుపు నిండుగా వుండాది. ఆడ పెట్టు. తాగతాలే."

"ఆడ పెట్టినవన్నీ మల్లెచెట్టే తాగతా వుండాదని చెప్పన్నా."

"ఏంది ఇది? ఆదికేశవులూ, ఏమి చెప్పింది నీతో?"

"కోకిల సంగతి చెప్పింది బావా."

"ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దు."

"ఎత్తకుంటే ఎట్ల? నేరుగా అడగతా వుండా. బిడ్డ పోయింది దేవకి వల్లనే అని నీ మనసులో వుండాదా?"

"ఎవురన్నారు? నేనన్నానా? అడుగు, నీ చెల్లెల్నే అడుగు. ఒక్క దినమన్నా నా నోట్లో నుంచి ఆ మాట వచ్చిందా?"

"రాలేదనే చెప్పినానన్నా."

"మరింకేమి? బిడ్డ ఆయుస్సు అంతే అనుకున్నా, నోరు మూసుకున్నా. మిల్లు నుంచి నేరుగా ఇంటికొస్తా. ఒకరి జోలికి పోను. సోడా తాగేది కూడా ఒక నేరమా? రేపు గాలి పీల్చినానని పంచాయితీ పెడతారా?"

"కోపం వద్దు బావా. విన్నావా దేవకీ? బావ మనసులో ఏమీ లే. నువ్వే ఊరికే మనసు చెడుపుకుంటా వుండావు. నాతో వచ్చి కొన్ని దినాలు వెంగల్లో వుండు. చెంగమ్మతో మాట్లాడుకో, పైరు చూడు. మనసు నెమ్మది పడినాక తిరిగొద్దువు. సరేనా బావా?"

"పోయి రానీ. నేను వద్దన్నానా?"

"కొన్ని దినాలకు కాదన్నా."

"మళ్ళీ మొదలుపెట్టొద్దమ్మా."

"నాకు మూడో నెల."

"ఏమీ? బావకు తెలుసా?"

"ఆస్పత్రి నర్సు ఆరోగ్యమేరి చూసి చెప్పింది. ఆయనకు కూడా ఇప్పుడే తెలిసేది."

"అడ దేవకీ! ఈ మాట గడప తొక్కతానే చెప్పరాదా! నన్ను ఇంతసేపు ఏడిపించినావే! బావా, విన్నావా? బెల్లం యాడుండాది? బావకు తీపి కూడదు, నాకైనా పెట్టు. అంతే, ఇంగ అంతా సరిపోతాది. ఇంట్లో బిడ్డ తిరగతా వుంటే సోడా ఎవురికి జ్ఞాపకం వస్తాది? ఏమి బావా, అట్ల నిలబడిపోయినావు? మాట్లాడు."

"సంతోషం."

"ఇట్లనా అనేది?"

"సంతోషమే అంటా వుండా గదా. రేపు... రేపే తిరువళ్ళూరు పోవాల. అక్కతో మాట్లాడాల."

"అలిమేలమ్మక్కతోనా? పోయి చెప్పిరా. అయితే ఒకటి, కాన్పు మాత్రం మా ఇంట్లోనే. అది మా హక్కు. మీ అక్క కొట్లాడినా వదలను."

"కాన్పు మీ ఇంట్లోనే కానీ. నేను పోయేది దానికి కాదు."

"మరి?"

"కాన్పు తరవాత సంగతి. బిడ్డ అక్క దగ్గర పెరగనీ."

"ఎందుకు?"

"అక్కకు బిడ్డలు లేరు. ప్రాణం పెట్టి చూసుకుంటాది. ఆస్పత్రి కూడా వాళ్ళ వీధిలోనే."

"తల్లి వుండంగా ఎందుకని అడగతా వుండా బావా."

"పాలు తాగినన్ని దినాలు తల్లి దగ్గరే వుండనీలే. పాలు మానిపించినాక... అక్క చాలా జాగర్త మనిషి. ఏది ఇచ్చినా..."

"ఏది ఇచ్చినా? అన్నను కాదు, నన్ను చూసి చెప్పండి. ఏది ఇచ్చినా?"

"దేవకీ, నువ్వు లోపలికి పో."

"లోపలే వుండా. నా వంటింట్లోనే వుండా. చెప్పండి."

"మా అక్క బిడ్డలకు కాచని నీళ్ళు పొయ్యదు!"

"బావా!"

"ఉండన్నా. ఆయన్ని ఏమీ అనొద్దు. ఈ మాట కోసరమే ఇన్నేండ్లు కాచుకోనున్నా."

"నేను అట్ల అనాలని కాదు దేవకీ. నోరు జారి..."

"జారలే. ఇప్పటికి తెరిచినారు. మంచి పని చేసినారు. నేనూ ఒకటి అడగతా. ఆడికృత్తిక దినం బిడ్డను కొండమిందికి ఎత్తుకోని పోయింది ఎవురు?"

"నేనే. దానికేమి?"

"కొండమింద పానకం తాపించింది ఎవురు? మీరు దించి నా చేతికిచ్చినప్పుడు దాని గౌను ముందరంతా తడిసి జిగటగా వుండె. బెల్లం వాసన, ఏలక్కాయ వాసన. నేనే ఉతికినా ఆ గౌను. ఆ పానకంలో నీళ్ళు ఎవురు కాచినారు?"

"నువ్వు... నాతో ఎప్పుడూ చెప్పలే."

"మీరు తట్టుకోలేరని చెప్పలే. బిడ్డ పోయింది నా నీళ్ళకో, ఆ నీళ్ళకో నాకు తెలీదు. మీకూ తెలీదు. ఇద్దరం మోసేదెందుకు, నేనొక్కదాన్నే మోస్తాననుకున్నా. మీరు హాయిగా నా తల మింద పెట్టి సోడా తాగినారు."

"దేవకీ. నీ పెట్టె యాడుండాది?"

"తలుపు చాటునే వుండాదన్నా. కట్టి పెట్టినా."

"ఆదికేశవులూ, ఆగు. ఇంత ఎండలో యాడికి? ఇద్దురూ అన్నం తినండి, సాయంత్రం మాట్లాడుకుందాము. దేవకీ, నీళ్ళు... ఆ నీళ్ళు తాగతాలే, ఇట్లియ్యి."

"ఇప్పుడొద్దు. అన్న ముందర తాగొద్దు."

"బిడ్డ నాకూ బిడ్డే గదా దేవకీ? నేను చూడొద్దా?"

"రండి. ఎవురొద్దన్నారు? ఎప్పుడు కావాలన్నా వచ్చి చూడండి, ఎన్ని దినాలు కావాలన్నా వుండండి. వెంగల్లో సోడా అంగడి లేదు."